నది అవతల చేసిన రోజులు

మా సిరొంచ నుంచి మా జిల్లా కేంద్రం గడ్చిరోలికి బస్సులో వెళ్ళాలంటే రెండు వందల కిలోమీటర్ల పైమాటే. కాళేశ్వరం గుడికి వెళ్ళాలంటే మాత్రం గోదావరి వంతెన దాటితే చాలు. వంతెన పడక ముందు నాటు పడవలో దాటేవాళ్ళం. మేముండేది మహారాష్ట్రలో. ఇంట్లో మాట తెలుగు, చేతిలో కాగితాలు మరాఠీ. పెళ్ళి సంబంధాలు, పెద్దాసుపత్రి, పత్తి విత్తనాలు, కూలి పని, ఇవన్నీ సగానికి సగం నది అవతలే.

తహసీలు ఆఫీసు రోడ్డులో నాకు చిన్న జిరాక్సు, ఆన్‌లైన్ దుకాణం ఉంది. పదకొండేళ్ళుగా నడుపుతున్నాను. నా చదువు పదో తరగతి దాకా మరాఠీ మీడియం. తెలుగు అక్షరాలు మా అమ్మ పలక మీద దిద్దించింది. ఆమె చెన్నూరు దగ్గరి ఊరి నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చింది. ఆ అక్షరాల పుణ్యమే ఈ రాత. మరాఠీలో వచ్చిన ప్రతి సర్కారు కాగితాన్నీ తెలుగులో చదివి చెప్పించుకోవడానికి ఊళ్ళ నుంచి జనం నా దగ్గరికే వస్తారు. అందుకే కూలివాళ్ళ కోసం ఢిల్లీలో చేసిన చట్టం మా నది ఒడ్డుకు వచ్చేసరికి ఎలా ఉంటుందో నాకు కొంచెం తెలుసు. ఈ రోజు రాయాలనుకున్నది మా చిన్నమ్మ బిడ్డ గురించి. ఇంకా రెండు మూడు విషయాలు కూడా దానికి అంటుకుని వస్తాయి.

మా చెల్లెకు ఇప్పుడు ఇరవై రెండేళ్ళు. పన్నెండో తరగతి పాసయింది. దానికి మోటార్ల పని నేర్చుకోవాలని కోరిక. పొలం మోటారు కాలిపోతే దాన్ని విప్పి, మాడిన రాగి తీగ తీసేసి కొత్త తీగ చుట్టే పని. మా ఊళ్ళలో ఎండాకాలం వస్తే కరెంటు హెచ్చుతగ్గులకు మోటార్లు వరసగా కాలిపోతాయి. రైతు దాన్ని బండి మీద వేసుకుని నది దాటాలి, రెండు రోజులు ఆగాలి, ఈలోపు పైరు ఎండిపోతుంది. "మన ఊళ్ళోనే చేసేవాళ్ళుంటే ఎంత బాగుంటుంది అక్కా" అని అది పదో తరగతి నుంచే అనేది. వాళ్ళ నాన్న, అంటే మా బాబాయి, ఒకసారి కాలిన మోటారు తెచ్చి ఇంటి ముందు పెడితే, ఇది స్క్రూడ్రైవర్‌తో విప్పి లోపలి చుట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకుంది. ఆ నోటుబుక్కు ఇప్పటికీ ఉంది.

అలాంటి పని నేర్పే చోటు లేక కాదు. లీడ్ బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో మోటారు రీవైండింగ్ కోర్సు ఉంది. ముప్పై రోజులు, ఫీజు లేదు, తిండీ పడకా అక్కడే. దీనికి కేంద్రం డబ్బు ఇస్తుంది. కానీ మా చిన్నమ్మ నన్ను అడిగింది వేరే ప్రశ్న. "ఆ నెల రోజులు ఇది ఇంట్లో లేకపోతే దాని కూలి ఎవరిస్తారే?"

ఆ ప్రశ్నకు జవాబు కూడా సర్కారు దగ్గర ఉంది. దాని పేరు ఉన్నతి. 2019 డిసెంబర్‌లో ఉపాధి హామీ కింద మొదలైంది. ముందటి ఆర్థిక సంవత్సరంలో వంద రోజుల పని పూర్తి చేసిన ఇంటి నుంచి, 18 నుంచి 45 ఏళ్ళ మధ్య వయసున్న ఒకరికి శిక్షణ ఇస్తారు. శిక్షణ జరిగినన్ని రోజులు, వంద రోజులు మించకుండా, భృతి కూడా ఇస్తారు. గడ్డపార పట్టిన ఇంటికి ఒక చేతిపని నేర్పి పైకి తీసుకురావాలని దాని ఉద్దేశం. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు నిజంగా సంతోషం వేసింది. మా చెల్లెను చూసే రాశారా అనిపించింది. అది నేర్చుకోవాలి, దాని కూలి పోకూడదు. రెండూ అందులో ఉన్నాయి.

2023-24లో ఆ వంద రోజులు నింపడానికి మేం కూర్చుని లెక్క వేసుకున్నాం. వంద రోజులు మనిషికి కాదు, ఇంటికి. చిన్నమ్మా బాబాయీ ఇద్దరూ ఒక రోజు చెరువు పూడిక పనికి వెళ్తే జాబ్‌కార్డులో రెండు రోజులు పడతాయి. ఆ ఏడు మహారాష్ట్రలో రోజు కూలి 273 రూపాయలు. డిసెంబర్ ఆఖరుకు వాళ్ళ కార్డులో 58 రోజులు పడ్డాయి. ఇంకా 42 కావాలి. ఇద్దరూ కలిసి వెళ్తే 21 రోజుల పని. మార్చి 31 లోపు ఇరవై ఒక్క రోజులు, ఏమంత కష్టం అనిపిస్తుంది.

కానీ మాకు జనవరి, ఫిబ్రవరి, మార్చి అంటే మిర్చి. నది అవతల తెలంగాణ పొలాల్లో కాయ పండుతుంది. రైతులు తెల్లవారుజామున బండ్లు పంపిస్తారు. ఊళ్ళకు ఊళ్ళు బియ్యం మూటలు, బొంతలు, పిల్లలు, కొన్నిసార్లు కోళ్ళతో సహా ఎక్కి వెళ్ళిపోతాయి. ఏరిన కాయకు కిలోల లెక్కన డబ్బు. ఆ ఏడు మా చిన్నమ్మ ఇంటి నుంచి ముగ్గురు వెళ్ళి యాభై రోజులుండి, తిండి ఖర్చు పోను 45 వేలు తెచ్చుకున్నారు. రెండు సంచుల ఎండు మిర్చి కూడా. ఇక్కడ పూడిక పని దొరుకుతుందో లేదో తెలియదు, దొరికినా డబ్బు ఎప్పుడు పడుతుందో తెలియదు. అలాంటప్పుడు ఎవరైనా ఆ బండే ఎక్కుతారు. నేనైనా ఎక్కుతాను.

ఏప్రిల్‌లో తిరిగొచ్చేసరికి కొత్త ఆర్థిక సంవత్సరం వచ్చింది. కార్డు మళ్ళీ సున్నా నుంచి. 58 రోజులు 58గానే మిగిలిపోయాయి. మిర్చి చేలో ముగ్గురూ యాభై రోజులు నడుం వంచి చేసిన పని, అంటే నూట యాభై పని దినాలు, ఏ కాగితం మీదా లేవు. ఆ ఇల్లు ఆ ఏడు రెండు వందల రోజులకు పైగా పని చేసింది. సర్కారు కంటికి 58 రోజులే చేసింది. ఉన్నతి దరఖాస్తు పెట్టే అర్హతే రాలేదు. నా దుకాణంలో స్టూలు మీద కూర్చుని మా చెల్లె ఏమీ అనలేదు. కార్డు తీసుకుని సంచిలో పెట్టుకుంది.

ఇది మా ఒక్క ఇంటి గోడు అనుకోవద్దు. దేశం మొత్తం మీద చూసినా పని దొరికిన ఇంటికి సగటున ఏడాదికి యాభై రోజుల చుట్టుపక్కలే వస్తున్నాయి. వంద నిండే ఇళ్ళు కొన్నే. ఆ కొన్ని ఇళ్ళకే చేతిపని తలుపు తెరిస్తే, కూలి కోసం ఊరు విడిచి పోయే ఇల్లు ఎప్పటికీ బయటే ఉంటుంది. శిక్షణ ఎక్కువ అవసరమైంది ఆ ఇంటికే కదా.

నాకు ఉపాధి హామీ మీద కోపం లేదు. ప్రేమే ఉంది, అందుకే ఇంత బాధ. ఆ ఆలోచన పుట్టింది మా రాష్ట్రంలోనే. 1972 కరువులో మహారాష్ట్ర ఈ పథకాన్ని రాష్ట్రమంతా మొదలుపెట్టింది. దాని వెనుక ఉన్న పెద్దాయన వి.ఎస్. పాగే. 1977లో చట్టం చేసి 1979 జనవరి 26 నుంచి అమలు చేశారు. డబ్బు కోసం ఉద్యోగస్తుల మీద, వ్యాపారుల మీద వృత్తి పన్ను వేశారు. పట్నంలో జీతం తీసుకునేవాడు పల్లెలో కూలికి భరోసా ఇవ్వడం అన్నమాట. మా పెద్దవాళ్ళు ఇప్పటికీ దాన్ని 'రోజ్‌గార్ హమీ' అనే అంటారు, కొందరు 'కరువు పని' అంటారు. 2005లో పార్లమెంటు అదే ఆలోచనను దేశానికంతా చట్టం చేసింది. 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ దాన్ని మొదలుపెట్టింది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. మరాఠీ నేల మీద పుట్టి తెలుగు ఊరి నుంచి దేశంలోకి నడిచిన పథకం. రెండు నేలలకూ చెందిన మాకు అది సొంత బిడ్డలా అనిపిస్తే తప్పేముంది? మొదటి విడత 200 జిల్లాల్లో మా గడ్చిరోలి కూడా ఉంది.

ఆ చట్టంలో డబ్బు ఏర్పాటు నాకు నచ్చేది. మామూలు కూలి మొత్తం కేంద్రం ఇస్తుంది. సామాన్ల ఖర్చులో నాలుగింట మూడు వంతులు కూడా కేంద్రమే. పని అడిగిన 15 రోజుల్లో ఇవ్వకపోతే నిరుద్యోగ భత్యం మాత్రం రాష్ట్రం తన జేబులోంచి కట్టాలి. అంటే పని పెడితే రాష్ట్రానికి ఖర్చు తక్కువ, పెట్టకపోతే నష్టం. మా రాష్ట్రంలో వంద రోజులు దాటాక కూడా పని ఇచ్చే పాత హామీ ఉంది, ఆ పై ఖర్చు రాష్ట్రానిది. ఎవరు ఆలోచించారో కానీ బాగా ఆలోచించారు. చిక్కంతా అడిగినట్టు రుజువు దగ్గర. పని కావాలని అడిగే ఫారం, అంటే నమూనా 4, నింపి ఇచ్చి, అది అందినట్టు తేదీ వేసిన రసీదు, అంటే పోచ్ పావతి, తీసుకుంటేనే 15 రోజుల లెక్క మొదలవుతుంది. మా జనం నోటి మాటగా "పని పెట్టండి సారూ" అని వచ్చేస్తారు. నోటి మాటకు తేదీ ఉండదు. నా దుకాణానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పే మాట ఒకటే: పావతి తీసుకోకుండా వెనక్కి రావద్దు.

పేర్ల గొడవ గురించి కూడా చెప్పాలి. ఇది సరిహద్దులో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. తెలంగాణ ఊరి నుంచి కోడలిగా వచ్చిన పిల్ల ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఆ ఇంటిపేరు కూడా పుట్టింటిది. ఇక్కడ జాబ్‌కార్డులో మరాఠీ పద్ధతి: ముందు పేరు, మధ్యలో భర్త పేరు, చివర అత్తింటి ఇంటిపేరు. బ్యాంకు పుస్తకంలో మూడో రకం. 2024 జనవరి 1 నుంచి కూలి డబ్బు ఆధార్ ఆధారంగానే వేయాలన్నారు. మూడు కాగితాల్లో మూడు పేర్లున్న ఆడమనిషి ఒక్కరే అని కంప్యూటర్‌కు ఎవరు చెబుతారు? నా దగ్గరికి వచ్చే పనుల్లో సగం ఇదే. ఒక అక్క నాలుగు సార్లు తిరిగింది. నాలుగోసారి చంకలో పిల్లవాడితో వచ్చి, "నా పేరు నాకే పరాయిదైంది చెల్లే" అంది. ఆమె కూలి ఏడు నెలలకు పడింది.

రోజుకు రెండుసార్లు పని దగ్గర ఫోటో తీసి హాజరు ఎక్కించాలన్న నిబంధన 2023 జనవరి నుంచి అన్ని చోట్లా తప్పనిసరి అయింది. దొంగ హాజర్లు ఆపడానికి అది అవసరమే, నేను కాదనను. మా ఒడ్డున ఫోనుకు ఒక్కోసారి సిగ్నలే ఉండదు, ఒక్కోసారి అవతలి ఒడ్డు టవర్ తగులుకుంటుంది. ఫోటో ఎక్కని రోజు పని చేయని రోజే.

ఊరు విడిచిపోయేవాళ్ళకు అండగా ఏ చట్టమూ లేదని కాదు. పేరుకు చాలా ఉన్నాయి. 1979లోనే అంతర్రాష్ట్ర వలస కూలీల చట్టం వచ్చింది. 2025 నవంబర్‌లో కొత్త లేబర్ కోడ్‌లు దాని స్థానంలోకి వచ్చేదాకా, అది వర్తించాలంటే కాంట్రాక్టరు ఉండాలి, లైసెన్సు ఉండాలి అన్నారు. మిర్చికి వచ్చేది రైతు పంపిన బండి, ఫోన్‌లో మాట్లాడే ఊరి మేస్త్రీ. ఇళ్ళ కట్టుబడి పనివాళ్ళకు 1996 చట్టాల కింద ఏర్పడిన సంక్షేమ బోర్డులున్నాయి. కట్టే భవనం ఖర్చు మీద ఒక శాతం సెస్సు ఆ బోర్డుకు వెళ్తుంది. అందులో చేరాలంటే ముందటి 12 నెలల్లో 90 రోజులు ఆ పని చేసినట్టు కాగితం చూపించాలి. హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేసిన మా వాడకట్టు అబ్బాయికి ఆ కాగితం అక్కడ ఇవ్వలేదు, ఇక్కడ ఇవ్వరు. మళ్ళీ అదే కథ, వంద బదులు తొంభై. ఆ అబ్బాయి మూడంతస్తులు కట్టి వచ్చాడు.

మరి రాష్ట్రం దాటితే లెక్క దాటదా? దాటుతుంది. రేషన్ బియ్యం దాటింది. 2019 ఆగస్టులో ఒకే దేశం ఒకే రేషన్ కార్డు మొదలైనప్పుడు మొట్టమొదట కలిపిన జతలు రెండే: తెలంగాణ-ఆంధ్రప్రదేశ్ ఒకటి, మహారాష్ట్ర-గుజరాత్ ఒకటి. మా రెండు ఒడ్లూ మొదటి రోజే ఉన్నాయి, వేర్వేరు జతల్లో. తర్వాత దేశమంతా కలిసిపోయింది. ఇప్పుడు మిర్చికి వెళ్ళినవాళ్ళు అక్కడి దుకాణంలో వేలిముద్ర వేసి బియ్యం తెచ్చుకోవచ్చు. అసంఘటిత కార్మికుల కోసం ఈ-శ్రమ్ 2021 ఆగస్టు 26న వచ్చింది. పన్నెండంకెల నంబర్ ఇస్తారు, నేనే వందల మందికి చేశాను. వేలిముద్ర ఉంది, నంబర్ ఉంది, ఫోన్ ఉంది. ఆ నంబర్ కిందే అవతల చేసిన రోజులు కూడా పడితే, చేను ఉన్న ఊరి పంచాయతీ ఒక్క ముద్ర వేస్తే, మా చెల్లె లాంటివాళ్ళ వంద రోజులు నిండవా? బియ్యం గింజకు దొరికిన దారి చెమటకు ఎందుకు దొరకకూడదు? ఇది నేను రాసి అర్జీగా కూడా ఇచ్చాను. మళ్ళీ ఇస్తాను.

2025 డిసెంబర్‌లో పార్లమెంటు పాత చట్టం స్థానంలో కొత్తది చేసింది. పేరు వికసిత్ భారత్ గ్యారంటీ ఫర్ రోజ్‌గార్ అండ్ ఆజీవికా మిషన్ గ్రామీణ్. వంద రోజులు 125 అవుతాయి. మా వాళ్ళకు ఈ మాట చెప్పినప్పుడు ముఖాలు వెలిగాయి. కూలి వారానికోసారి, ఆలస్యమైనా పక్షం రోజుల్లో ఇవ్వాలని ఉంది, అదీ మంచిదే. మిగతాది చదువుతుంటే నాకు టెన్షన్ మొదలైంది. ఇకపై ఖర్చులో కేంద్రానిది నూటికి 60 వంతులు, మాలాంటి రాష్ట్రాలది 40. ఏ రాష్ట్రానికి ఎంత అన్నది కేంద్రం ముందే తేల్చేస్తుంది. అది దాటితే ఆ పైదంతా రాష్ట్రమే భరించాలి. పని పెట్టకపోతే నష్టం అన్న పాత లెక్క తిరగబడి, ఎక్కువ పని పెడితే భారం అన్న లెక్క రాదా అన్నదే నా భయం. మా తాలూకా రాష్ట్రానికి ఆ చివర ఉంది. డబ్బు సరిపోనప్పుడు చివరి వాళ్ళకే మొదట తగ్గుతుంది.

ఇంకొకటి. విత్తుల కాలంలో, కోతల కాలంలో రైతుకు కూలీలు దొరకాలని ఏడాదికి మొత్తం 60 రోజుల దాకా పనులు ఆపుతారు. రైతు కష్టం నాకు తెలుసు, మాకూ రెండెకరాల వరి ఉంది. కానీ మా కోతలు కార్తీకం దాటగానే ముగుస్తాయి. మా కూలీలకు అసలైన కోత నది అవతల మిర్చి, పుష్యం నుంచి మొదలు. ఇక్కడి కోతలకు పనులు ఆపితే అవి పోయాయి, అక్కడి కోతకు వాళ్ళే వెళ్ళిపోతే అవీ పోయాయి. మిగిలింది మే, జూన్. 125 అంకె ఎలా నిండుతుందో వేళ్ళ మీద లెక్కపెట్టి చూశాను, నిండలేదు. చేతిపని నేర్పే తలుపుకు కూడా రేపు ఇదే అంకె గడప అయితే ఏం చేయాలి?

శిక్షణల మీద ఒక మాట. దీన్ దయాళ్ గ్రామీణ కౌశల్య యోజన 2014 నుంచి నడుస్తోంది. దానికి కూడా 60-40 వాటాలే. 15 నుంచి 35 ఏళ్ళ పల్లె యువత కోసం. మా దగ్గరి నుంచి చాలామంది వెళ్ళారు. వాళ్ళ సర్టిఫికెట్లు లామినేషన్ చేసింది నేనే. ఎక్కువమందికి ఉద్యోగం దూర నగరంలో వస్తుంది, గది అద్దె పోను మిగలదు, మూడో నెలకు తిరిగొస్తారు. మా చెల్లె అడిగేది అది కాదు. ఊళ్ళోనే కాలిపోయే మోటార్ల పని అడుగుతోంది.

ఈ ఏడు కూడా అది మిర్చికే వెళ్ళింది, బాబాయితో. నాయనమ్మ మంచం పట్టడంతో చిన్నమ్మ ఉండిపోయింది. పోయిన వారం రాత్రి తొమ్మిదికి నాకు వాట్సాప్‌లో ఫోటో పంపింది. చేను రైతు మోటారు కాలిందట, మెకానిక్ వచ్చి విప్పాడట. పక్కన నిలబడి ఫోన్ టార్చ్ పట్టుకుని, చుట్లు లెక్కపెట్టి నాకు రాసింది. "అక్కా, నా నోటుబుక్కు మీ దుకాణంలో ఉంది కదా, అందులో రెండో పేజీ ఫోటో తీసి పంపవా, పోల్చి చూడాలి" అని. పంపాను.

చిన్నమ్మ పేరు మీద ఈసారి నమూనా 4 నేనే నింపాను. ఇద్దరం కలిసి పంచాయతీకి వెళ్ళి ఇచ్చాం. పావతి మీద తేదీ వేయమని అడిగితే మొదట రేపు రమ్మన్నారు. అక్కడే బెంచీ మీద కూర్చున్నాం. మధ్యాహ్నం మూడింటికి తేదీ వేసి, ముద్ర కొట్టి ఇచ్చారు. అది నా దుకాణం డ్రాయరులో ఉంది. ఈ శుక్రవారానికి పదిహేను రోజులు నిండుతాయి.